వియత్నాము విద్వన్మంత్రి న్గుయెన్ త్రాయి

ఒక దేశమును జయింపగోరు రాజు మొదట దాని కోటలను పట్టుకొనును. ఆ దేశమును శాశ్వతముగా తనలో కలుపుకొనగోరు రాజు దాని గ్రంథములపై చేయి వేయును. కూలిన కోటను ప్రజలు మరల కట్టుకొనగలరు. తమ పూర్వులెవరో, తమ న్యాయమేదో, తమ మాటయేదో మరచిన ప్రజలు ఎవరి కొరకు కోట కట్టుదురు? క్రీ. శ. 15వ శతాబ్దారంభమున వియత్నాము దేశమునకు ఇట్టి విపత్తు సంభవించెను. ఆ విపత్తు నుండి దేశమును గట్టెక్కించిన మహనీయులలో ఖడ్గము పట్టినవారు పెక్కుమంది కలరు. లేఖిని పట్టి వారికి దారి చూపినవాడు న్గుయెన్ త్రాయి. ఆయన పండితుడు, కవి, రాయబారి, మంత్రి. పరరాజులు ఆయన తండ్రిని చెరగొనిపోయిరి. స్వదేశపు రాజసభ ఆయన తల తీయించెను. అయినను ఆఱువందల యేండ్ల తరువాత గూడ ఆ దేశ ప్రజలు ఆయన పేరును భక్తితో స్మరించుచున్నారు.

వియత్నాము చీనా దేశమునకు దక్షిణమున సముద్రతీరము వెంబడి వ్యాపించిన దేశము. ఉత్తరమున ఎఱ్ఱనది తెచ్చు ఒండ్రునేలలలో వరి పండించుకొని బ్రదుకు వ్యవసాయదారులే ఆ జాతికి మూలబలము. క్రీ. పూ. 111వ సంవత్సరమున చీనా హాన్ చక్రవర్తుల సైన్యములు ఆ నేలను ఆక్రమించెను. నాటి నుండి సుమారు వేయి సంవత్సరములు అది చీనా పాలనలో నుండెను. క్రీ. శ. 40లో త్రుంగ్ అను వంశమునకు చెందిన అక్కచెల్లెండ్రు ఇరువురు తిరుగుబాటు చేసి మూడేండ్లు రాజ్యమేలిరి గాని ఆ స్వాతంత్ర్యము నిలువలేదు. తుదకు 938లో న్గో క్వియెన్ అను వీరుడు బాక్ డాంగ్ నదీగర్భమున ఇనుపమొనలు తొడిగిన కొయ్యలు పాతించి, ఆటుపోటుల నెఱిగి శత్రునౌకలను వానిపైకి ఈడ్చి ధ్వంసము చేసి స్వరాజ్యమును స్థాపించెను. 13వ శతాబ్దిలో మంగోలులు 1258, 1285, 1288 సంవత్సరములలో మూడు మారులు దండెత్తి మూడు మారులును ఓడి మరలిరి. వియత్నామీయులు చీనా వారి లిపిని, పరీక్షా పద్ధతిని, కన్ఫ్యూషియసు ధర్మమును గ్రహించిరి. బౌద్ధమును ఆదరించిరి. కాని తమ భాషను, తమ గ్రామముల కట్టుబాటులను మాత్రము విడువలేదు.

ఇట్టి దేశమున, నేడు హనోయి అని పిలువబడు థాంగ్ లాంగ్ రాజధానిలో 1380వ సంవత్సరమున త్రాయి జన్మించెను. వియత్నామీయులు తెలుగువారి వలెనే ఇంటిపేరును ముందు చెప్పుకొందురు. న్గుయెన్ అనునది ఇంటిపేరు. త్రాయి అనునది పెట్టిన పేరు. తల్లి రాజవంశీయురాలు. ఆమె తండ్రి త్రాన్ న్గుయెన్ డాన్ ఆ కాలమున ప్రభువులలో అగ్రగణ్యుడు. త్రాయి తండ్రి న్గుయెన్ ఫీ ఖాన్ పేదయింటి విద్యార్థి. ప్రభువుగారి ఇంట పిల్లకు చదువు చెప్పుటకు వచ్చి, ఆమెను ప్రేమించి, దండన తప్పదని భయపడి పారిపోయెను. కాని ఆ ప్రభువు ఉదారుడై అతనిని పిలిపించి కూతునిచ్చి వివాహము చేసెను. ఫీ ఖాన్ 1374లో రాజపరీక్షలో కృతార్థుడయ్యెను. సామాన్యుడు రాజవంశపు కన్యను పెండ్లాడెనన్న కోపముతో రాజు అతనికి ఉద్యోగమీయడయ్యెను. ఆ విధముగా పండిత దారిద్ర్యమును, ప్రభుకుల సంస్కారమును రెంటిని త్రాయి బాల్యముననే చవిచూచెను. తల్లి చిన్ననాడే గతించెను. తాతగారు ఉద్యోగము వదలి కోన్ సన్ కొండచెంత ఏకాంతముగా నివసించుచు మనుమనికి విద్య గఱపెను. దేవదారు వనములు, రాళ్లపై పారు సెలయేఱు, బౌద్ధాలయము గల ఆ కొండ త్రాయికి జీవితాంతము ప్రియమైన స్థలమయ్యెను. 1390లో తాతగారు గూడ మరణించిరి.

1400వ సంవత్సరమున త్రాన్ వంశము నుండి సింహాసనము హో క్వీ లీ అను మంత్రి చేతికి పోయెను. ఆ సంవత్సరమే జరిగిన పరీక్షలో త్రాయి ఇరువది యేండ్ల ప్రాయమున ఉత్తీర్ణుడై కొలువున చేరెను. తండ్రికి గూడ క్రొత్త రాజు కొలువున ఉద్యోగము లభించెను. హో క్వీ లీ సంస్కరణాభిలాషి; ప్రభువుల భూములకు పరిమితి విధించినవాడు, కాగితపు నాణెమును ప్రవేశపెట్టినవాడు. కాని రాజ్యమును అపహరించినవాడన్న నింద వలన జనుల హృదయములు అతనికి దూరమయ్యెను. గొప్ప కోటలు కట్టించెను గాని వానిని ప్రేమతో కాపాడువారు లేకపోయిరి. ఈ లోపమును త్రాయి కన్నులార చూచెను. తరువాతి కాలమున ఆయన రాజనీతికంతటికి ఇదే పునాది యయ్యెను.

చీనాలో నాడు మింగు వంశపు యాంగ్ లో చక్రవర్తి రాజ్యము చేయుచుండెను. త్రాన్ వంశమునకు న్యాయము చేకూర్తునను నెపముతో ఆయన 1406లో మహాసైన్యమును పంపెను. 1407లో హో క్వీ లీ బందీ యయ్యెను. అంతట న్యాయము చేయవచ్చినవారు దేశమునే మ్రింగివేసిరి. వియత్నామును తమ సామ్రాజ్యమున ఒక రాష్ట్రముగా ప్రకటించి పాతకాలపు చీనా పేరునే మరల పెట్టిరి. ఫీ ఖాన్‌ను పెక్కుమంది అధికారులతో పాటు చెరపట్టి చీనాకు గొనిపోయిరి. త్రాయి తండ్రి వెంట ఏడ్చుచు సరిహద్దు కనుమ వరకు పోయెననియు, వెంట వచ్చి సేవచేయుట కంటె వెనుకకు మరలి దేశపు అవమానమును కడుగుటయే నిజమైన పితృభక్తియని తండ్రి బోధించి పంపెననియు ఆ దేశమున ప్రతీతి కలదు. ఫీ ఖాన్ మరల స్వదేశమునకు రాలేదు.

మింగు పాలనలో ప్రజలు పడిన కష్టములు అనేకములు. భూమికిని, ఉప్పునకును, గనులకును పన్నులు విధింపబడెను. ముత్యముల కొరకు జనులను సముద్రమున ముంచిరి. దంతముల కొరకు అడవులకు తోలిరి. నేర్పరులైన పనివాండ్రను, తెలివిగల బాలకులను చీనాకు తరలించిరి. అట్లు పోయిన బాలకులలో ఒకడైన న్గుయెన్ ఆన్ తరువాత పెకింగు నగరపు ప్రాకారములను, రాజమందిరములను నిర్మింపజేసిన శిల్పాచార్యుడయ్యెను. వేషమును, కేశసంస్కారమును గూడ చీనా వారి వలె మార్చుకొనవలెనని శాసించిరి. వీనియన్నిటి కంటె ఘోరమైనది గ్రంథనాశనము. చీనా నుండి వచ్చిన గ్రంథములను విడిచి, వియత్నామీయులు వ్రాసికొన్న గ్రంథములను, పిల్లలు చదువుకొను చిన్న పుస్తకములతో సహా, కాల్చివేయవలెననియు, వారు చెక్కించిన శిలాశాసనములను పగులగొట్టవలెననియు యాంగ్ లో చక్రవర్తి 1406లో ఆజ్ఞాపించెను. సైనికులు దొరికిన పుస్తకములను వెంటనే కాల్చక దాచియుంచుచున్నారని తెలిసి 1407లో మరల మందలించెను. కొన్ని శతాబ్దముల వియత్నాము వాఙ్మయము ఈ అగ్నిలో దగ్ధమై పోయెను.

త్రాయిని రాజధానిలోనే నిర్బంధించిరి. ఆ నగరమునకు మింగు వారు డాంగ్ క్వాన్ అని పేరు పెట్టిరి. పేదరికమునను, శత్రువుల కావలిలోను ఆయన ఏండ్లు గడపెను. ఆ కాలమున దేశమున తిరుగుబాటులు పెక్కు లేచి అణగిపోవుట ఆయన చూచెను. వీరులకు కొఱత లేదు. జనులనందఱిని కూడగట్టు నాయకుడును, ఆ నాయకునికి దూరదృష్టియు కావలసియుండెను. కొంత కాలమునకు ఆయన కావలి తప్పించుకొని పోయి, పడమటి కొండలయందు తిరుగుబాటు నడపుచున్న లే లోయిని చేరెను.

లే లోయి థాన్ హోవా మండలమున లాం సన్ గ్రామపు భూస్వామి. మింగు వారు ఉద్యోగమిత్తుమని ఆశపెట్టినను లొంగక 1418లో తిరుగుబాటు ధ్వజమెత్తెను. అక్షరజ్ఞానము గలవారు ఆయన చుట్టు కొద్దిమందియే యుండిరి. త్రాయి ఆయనకు శత్రువును గెలుచు ఉపాయములను వివరించు ప్రబంధమునొకదానిని సమర్పించెను. దాని సారాంశము ఒక్కటియే: కోటలను ముట్టడించుట కంటె మనుష్యుల హృదయములను గెలుచుట ముఖ్యము. హో క్వీ లీ కోటలు ఏల కూలెనో చూచిన వానికే ఈ మాట చెప్పుటకు అధికారము కలదు. ప్రజలలో ఒక చిత్రమైన కథ గూడ వ్యాపించియున్నది. లే లోయి రాజగుననియు, త్రాయి మంత్రియగుననియు అర్థమిచ్చు అక్షరములను తీయని పదార్థముతో ఆకులపై వ్రాయగా చీమలు ఆ మేరకు తినివేసెననియు, అక్షరాకృతిగా చిల్లులుపడిన ఆ ఆకులు ఏటిలో కొట్టుకొనివచ్చుట చూచి గ్రామస్థులు దైవనిర్ణయముగా భావించి దండులో చేరిరనియు చెప్పుకొందురు. కథ నిజమైనను కాకున్నను, జనులకు మాట చేరవేయుటలో త్రాయికి గల నేర్పును అది చక్కగా తెలుపుచున్నది.

మొదటి సంవత్సరములు దుర్భరములు. తిరుగుబాటుదారులు చీ లిన్ కొండలలో చిక్కువడి ఆహారము లేక తమ ఏనుగులను, గుఱ్ఱములను చంపి తినవలసివచ్చెను. ఒక పర్యాయము శత్రువులు చుట్టుముట్టగా లే లాయి అను అనుచరుడు నాయకుని వస్త్రములు ధరించి తానే లే లోయినని ఎదుటికి పోయి ప్రాణములర్పించెను. 1423లో తాత్కాలికముగా సంధి చేసికొని బలము కూడదీసికొనిరి. 1424లో దక్షిణమున న్గే ఆన్ ప్రాంతమునకు కదలినది మొదలు విజయములు ప్రారంభమయ్యెను. పోయినచోటనెల్ల దోపిడి కూడదని సైన్యమునకు కఠినమైన ఆజ్ఞ యుండుటచే గ్రామస్థులు అన్నపానములతో ఎదురువచ్చిరి. 1426 చివర తోత్ డాంగ్ వద్ద మింగు సేనాని వాంగ్ తుంగ్ ఘోరముగా ఓడి డాంగ్ క్వాన్ కోటలో తలదాచుకొనెను.

ఇచట త్రాయి లేఖినికి పూర్తిగా పని కలిగెను. లే లోయి ఎఱ్ఱనది ఆవలి యొడ్డున బోధివృక్షముల చెంత ఎత్తైన మంచెను కట్టించి, పై అంతస్తు నుండి శత్రువుల కోటను పరిశీలించుచుండెను. దాని క్రింది అంతస్తున కూర్చుండి త్రాయి మంత్రాలోచన చేయుచు లేఖలు వ్రాయుచుండెను. ఆ లేఖలు ఒక్కొక్క కోటలోని సేనాపతికి ఒక్కొక్క తీరున నుండెడివి. అహంకారికి అతని బలహీనతలను లెక్కించి చూపెను. ఇంటికి పోగోరువానికి క్షేమముగా పోవు మార్గము చూపెను. విద్వాంసునికి అతడు చదివిన ధర్మశాస్త్రములనే జ్ఞాపకము చేసెను. అవసరమైనపుడు స్వయముగా శత్రువుల కోటలలోనికి పోయి మాటలాడెను. దక్షిణమున పెక్కు కోటలు ఈ విధముగా యుద్ధము లేకయే లొంగెను. ఆయన వ్రాసిన ఆ యుద్ధలేఖల సంపుటము నేటికిని నిలిచియున్నది.

1427లో కోటను విడిపించుటకు చీనా నుండి రెండు సైన్యములు బయలుదేరెను. అవి వచ్చులోపల డాంగ్ క్వాన్‌ను ముట్టడించి పట్టుకొనవలెనని పలువురు సేనానులు తొందరపడిరి. బలమైన కోటపై సైన్యమును వృథాగా బలిపెట్టవలదనియు, వచ్చుచున్న సహాయమును తుంచినచో కోట తనంతట తానే లొంగుననియు త్రాయి హితవు చెప్పగా లే లోయి అంగీకరించెను. ఆ యేటి అక్టోబరు మాసమున మింగు సేనాపతి ల్యూ షెంగ్ పారిపోవుచున్నట్లు నటించిన చిన్నదండును తఱుముచు చీ లాంగ్ కనుమలో బురదనేలకు వచ్చి పొంచియున్న వారిచేత హతుడయ్యెను. మిగిలిన సైన్యము షువాంగ్ జాంగ్ వద్ద నాశనమయ్యెను. రెండవ సైన్యము ఈ వార్త విని వెనుదిరిగెను.

వాంగ్ తుంగ్‌కు ఇక ఆశ లేకపోయెను. వేలకొలది శత్రుసైనికులు చేత చిక్కియుండిరి. ఇరువది యేండ్ల హింస ననుభవించిన జనులు వారినందఱిని చంపవలెనని కోరుట సహజము. సేనానులు పలువురు అట్లే పలికిరి. ఆ సమయమున లే లోయియు త్రాయియు చూపిన నిగ్రహము చరిత్రలో అరుదైనది. లొంగినవానిని చంపుట పౌరుషము గాదనియు, నేడు తీర్చుకొనిన పగ రేపు మరియొక దండయాత్రకు విత్తనమగుననియు వారు గ్రహించిరి. త్రాన్ వంశమును నిలుపుటకే వచ్చితిమన్న మింగు వారి పాత నెపమునే ఆధారము చేసికొని, త్రాన్ పేరుగల నామమాత్రపు రాజునొకనిని చూపి, గౌరవముతో మరలిపోవుటకు వారికి దారి కల్పించిరి. 1427 డిసెంబరులో ఉభయులు ప్రమాణములు చేసికొనిరి. ఓడినవారికి 500 నావలు, వేలకొలది గుఱ్ఱములు, దారిబత్తెము ఇచ్చి సాగనంపిరి. ఆ తరువాత మూడు వందల అరువది యేండ్ల వరకు చీనా సైన్యము ఆ దేశముపై పెద్ద దండయాత్ర చేయలేదు. 1788లో గాని మరల రాలేదు.

1428లో లే లోయి పక్షమున త్రాయి ఒక మహాప్రకటనమును వ్రాసెను. వియత్నామీయులు దానిని తమ స్వాతంత్ర్య శాసనములలో ఒకటిగా పూజించుచున్నారు. తమ దేశమునకు తనదైన నాగరికత, పొలిమేరలు, ఆచారములు, రాజపరంపర కలవని అందు నిరూపించెను. పరులు చేసిన క్రౌర్యములను, తమవారు పడిన పాట్లను వర్ణించెను. ప్రజలను సుఖముగా నుంచుటయే ధర్మమని ఆరంభముననే స్థాపించెను. గ్రంథములు కాలిపోయిన జాతికి తన చరిత్రను తనకే తిరిగి చెప్పిన పత్రమది. లే లోయి సింహాసనమెక్కి, 3,50,000 మంది సైనికులలో 2,50,000 మందిని వ్యవసాయమునకు పంపివేసెనని ఆ దేశపు చరిత్ర గ్రంథములు చెప్పుచున్నవి.

యుద్ధమున ఒకటిగా నిలిచినవారు శాంతికాలమున అనుమానములకు లోనైరి. 1429లో త్రాయి బంధువైన సేనాని త్రాన్ న్గుయెన్ హాన్ రాజద్రోహమను నింద పడి నీట మునిగి మరణించెను. త్రాయి గూడ కొంతకాలము కారాగృహమున నుంచబడి విడుదల పొందెను. 1433లో లే లోయి మరణింపగా పదియేండ్ల కుమారుడు థాయ్ తోంగ్ రాజయ్యెను. త్రాయి బాలరాజునకు హితోపదేశము చేయుచు, 1435లో దేశపు నదులను, కొండలను, పంటలను, వృత్తులను వివరించు భూగోళ గ్రంథమును రచించెను. 1437లో రాజసభకు సంగీత వాద్యములను సంస్కరించు పనిని ఆయనకు అప్పగించిరి. వాద్యములు చేయింపవచ్చును గాని, పల్లెలలో ఆర్తనాదము లేకుండుటయే సంగీతమునకు మూలమని ఆయన రాజునకు విన్నవించెను. ముఖస్తుతికి అలవాటుపడిన కొలువువారికి ఈ మాట రుచింపలేదు. ఆయన విసిగి కోన్ సన్ కొండకు మరలిపోయెను.

పండితులందఱు చీనా భాషలో వ్రాయుటయే గౌరవమని తలచు కాలమున త్రాయి తల్లిభాషలో కవిత్వము వ్రాసెను. చీనా అక్షరములను మార్చి, చేర్చి వియత్నాము పలుకుబడికి సరిపఱచిన నోమ్ అను లిపిలో ఆయన వ్రాసిన 254 పద్యములు లభించినవి. వియత్నాము భాషలో నేటికి నిలిచిన కవితా సంపుటములలో ఇదియే మొదటిది. బచ్చలికూర, చెరువు, వెదురు, వాననీరు, పొలముదున్నువారి యెడల కృతజ్ఞత మున్నగు సామాన్య విషయములకు అందు చోటు దొరికెను.

1440లో రాజు ఆయనను మరల కొలువునకు పిలిపించెను. 1442లో థాయ్ తోంగ్ సైన్యమును చూచుటకు ఆ ప్రాంతమునకు వచ్చి కోన్ సన్‌లో త్రాయి అతిథియయ్యెను. తిరుగు ప్రయాణమున లీచీ తోట యను విడిదిలో రాత్రి ఆకస్మికముగా మరణించెను. అపుడాయనకు ఇరువది యేండ్లైనను నిండలేదు. త్రాయి భార్యలలో నొకతెయు, అంతఃపుర స్త్రీలకు ఆచార్యురాలును, విదుషీమణియునైన న్గుయెన్ థీ లో అపుడు రాజుచెంత నుండెను. ఆమెయే రాజును చంపెనని నింద మోపిరి. పండ్రెండు దినములలోనే విచారణము ముగిసెను. త్రాయికిని, ఆయన మూడు వంశశాఖలవారికిని మరణదండన విధించిరి. వారసత్వము కొరకు అంతఃపురమున జరుగుచున్న పోరాటమే దీనికి కారణమని చరిత్రకారులు పలువురు భావించుచున్నారు. ఇంతటి అన్యాయమునకు హేతువు కనరాక ప్రజలు ఒక కథను కల్పించుకొనిరి. త్రాయి చదువుకొనుచుండగా గాయపడిన సర్పము దూలము నుండి ఒక రక్తబిందువును గ్రంథముపై విడిచెననియు, అది మూడు పుటలు తడిపెననియు, ఆ సర్పమే స్త్రీరూపమున వచ్చి మూడు వంశములను నిర్మూలించెననియు ఆ కథ. రాజసభ చేసిన పాపమును పామునకు అంటగట్టి ప్రజలు తమ దుఃఖమును ఊరడించుకొనిరి. ఒక విదుషికి మాత్రము ఆ కథ వలన నింద మిగిలెను.

త్రాయి రచనలు గూడ నిషేధమునకు గుఱియయ్యెను. మింగు వారు చేసిన పనినే స్వదేశపు రాజసభయు చేసెను. అయినను గర్భవతియైన ఒక భార్య తప్పించుకొని పోయి కుమారుని కనెను. 1464లో లే థాన్ తోంగ్ చక్రవర్తి త్రాయి నిర్దోషియని ప్రకటించి, ఆ కుమారుని వెదకించి ఉద్యోగమిచ్చెను. 1467లో త్రాయి గ్రంథములను ప్రోగుచేయవలెనని ఆజ్ఞాపించెను. పెక్కు అప్పటికే నశించెను. ఇండ్లలో దాచిన ప్రతులు, కంఠస్థముగా నిలిచిన పద్యములు చేతులుమారుచు వచ్చి, 19వ శతాబ్దిలో సంకలనము చేయబడి 1868లో అచ్చయ్యెను.

అప్పటికి ఫ్రెంచివారు దక్షిణమున దిగియుండిరి. 1884 నాటికి దేశమంతయు వారి వశమయ్యెను. మరల పరపాలన, మరల పన్నులు, మరల తిరుగుబాటులు. 1945 సెప్టెంబరు 2వ తేదీన స్వాతంత్ర్యము ప్రకటింపబడి, 1954లో ఫ్రెంచివారు ఓడి, ఘోరయుద్ధానంతరము 1975లో పోరాటము ముగియు వరకు ఆ ప్రజలు 15వ శతాబ్దపు ప్రకటనమును స్మరించుచునే యుండిరి. నేడు వారు తమ భాషను రోమను లిపిలో వ్రాసికొనుచున్నారు. త్రాయి పద్యములను సైతము ఆ లిపిలోనే చదువుకొనుచున్నారు. 1980లో ఆయన 600వ జయంతిని యునెస్కో గూడ ఘనముగా స్మరించెను.

త్రాయి జీవితము తెలుపు నీతి విస్పష్టము. ఆయన గెలిచిన కోటలు నేడు లేవు. ఆయనను చెరపట్టిన మింగు సామ్రాజ్యము లేదు. ఆయనను చంపించిన లే రాజసభ లేదు. పేరు తెలియని గృహస్థులు భయపడక దాచియుంచిన కాగితములు మాత్రము ఉన్నవి. ఒక జాతి జ్ఞాపకమును కాపాడిన గొప్పతనము చక్రవర్తులకెంత కలదో, పుస్తకమును చెదలకు, అగ్నికి, రాజాజ్ఞకు దొరకనీయక తరువాతివాని చేతికి అందించిన సామాన్యునకు అంతకు మించి కలదు. ప్రతి గ్రామమునను, ప్రతి తరమునను ఆ పని చేయువారు ఉండవలెను. గ్రంథాలయము వర్ధిల్లుటకు అదియే కారణము, అదియే ఫలము.